ఒడ్డు లాంతరు

పొద్దు వాలుతోంది. తూర్పు గాలి, ఆగని తుంపర.

వేటకెళ్లిన పడవలు ఇంకా సముద్రంలోంచి మొగ దాటి ఏట్లోకి రాలేదు. మొన్నటి వరదకి మొగలో ఇసుక మేట పక్కకి జరిగింది. పాత దారిన వస్తే పడవ తిరగబడుతుంది.

దర్గా అరుగు మీద సింహాద్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పడవల సంఘం కార్యదర్శి. చిన్నప్పట్నుంచీ, దర్గా చూసుకునే లతీఫ్ బాబా శిష్యుడు. పడవల్లో దారి చూపించే కంప్యూటర్ పెట్టెలు పెట్టించింది అతనే. ఇకమీదట అవి మేటలు కూడా చూపిస్తాయని కంపెనీ ప్రకటన రాగానే ఒడ్డు మీద లాంతరు గుంజ పీకించేశాడు.

దర్గా మీద ఒకటి, ఒడ్డున ఒకటి. రెండు లాంతర్లూ ఒకే వరసలో కనబడితే అదే దారి. మేట జరిగినప్పుడల్లా ఒడ్డు లాంతరు జరుపుకునేవాళ్లం.

"ఆ ప్రకటన చదువు," అన్నాను.

"'మేటలను గుర్తించే సదుపాయాన్ని ఈ సీజన్‌లోనే దశలవారీగా అందించే దిశగా కృషి చేస్తున్నాం.'"

"వచ్చిందా, రాలేదా?"

"ఈ సీజన్‌లోనే అన్నారత్తా. మొదటి దశలో మనమే ఉండొచ్చు. పొద్దున్నే పెట్టెల్లోకి చేరిపోయి ఉండొచ్చు."

"నా వాళ్లు నలుగురున్నారక్కడ. ఉండొచ్చు అనకు."

అతను బాబా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి బాబా. కృషి చేస్తున్నాం అంటే దాదాపు అయిపోయినట్టే గదా?"

బాబా లోపలికెళ్లి ఒడ్డు లాంతరు తెచ్చి అతని చేతిలో పెట్టారు. "వెలిగించు."

సింహాద్రి అగ్గిపుల్ల గీశాడు. వత్తి పొగ వదిలి ఆరిపోయింది. లాంతరు ఊపి చూశాడు.

"కిరసనాయిలు లేదు బాబా."

"పోసే దిశగా కృషి చేస్తున్నాను," అన్నారు బాబా. గోడకి జారబడి కూర్చున్నారు.

దూరంగా ఇంజను చప్పుడు. బాబా కదల్లేదు.

సింహాద్రి ఫోన్ అరుగు మీద వదిలేసి పరిగెత్తాడు. డబ్బాతో తిరిగొచ్చి రెండు లాంతర్లూ నింపాడు. ఒకటి పట్టుకుని బాబా దర్గా పైకెక్కారు. గుంజ లేదు గదా, రెండోది సింహాద్రే ఎత్తిపట్టుకున్నాడు, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి. పొద్దుట సముద్రం నీరు వెనక్కి తీసినప్పుడు మేట పక్కన కొత్త పాయ చూశాను గనక ఎక్కడ నిలబడాలో నేనే చెప్పాను.

"ఇంకాస్త ఉత్తరానికి. ఇంకాస్త. అక్కడే."

మొదటి పడవ పాత దారికే మొగ్గింది. తర్వాత లాంతర్ల వరసకి ముక్కు తిప్పుకుంది. దాని వెనకే మిగతావి. అన్నిటికన్నా వెనక మాది.

బాబా దిగి వచ్చారు. సింహాద్రి లాంతరు ఇంకా ఎత్తే ఉంచాడు.

"ఇక దించు నాయనా."

"అత్త లెక్కపెట్టుకోనివ్వండి బాబా."

నేను నీళ్లలోకి దిగాను. మా ఆయన. పెద్దోడు. చిన్నోడు. నాలుగో మనిషి కనబడలేదు. పడవ అంచు పట్టుకుని లోపలికి వంగాను.

"ఇక్కడున్నానక్కా," అంటూ పడవ అడుగున నీళ్లు తోడుతున్న మా తమ్ముడు తలెత్తాడు.

నలుగురు.