గవర్రాజు మేస్త్రి స్నానం

సూరిబాబు బిగించిన షవరు సూరిబాబు ఉన్నంతసేపూ బాగానే పనిచేసేది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాకే చెడిపోయేది.

కాకినాడ రేవుకి దగ్గర్లో ఒక మూడంతస్తుల ఇల్లు, అందులో పై వాటా. ఆ ఇంటావిడ హైమావతి గారు ఫోను చేసి, "బాబూ, నీళ్ళు ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా వస్తున్నాయి" అనేది. ఇతను సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. గుమ్మంలోంచే "అమ్మగారూ, ఎక్కడా నీళ్ళు వాడకండి, నేను చూస్తున్నాను" అని కేకేసేవాడు. ప్లంబర్లందరూ వేసే కేకే అది. ఆవిడ పాపం వంటింట్లో ఉన్న పని ఉన్నట్టే వదిలేసి, చేతులు తుడుచుకుని పక్కకి తప్పుకునేది. అప్పుడు వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే మిక్సర్ పిడి తిప్పితే ఏముంటుంది? గోరువెచ్చటి నీళ్ళు, ఎంతసేపు చూసినా అదే వెచ్చదనం.

మొదటిసారి మిక్సరులో వాషర్లు మార్చి వచ్చాడు. రెండోసారి బాల్కనీలో ఉన్న గ్యాస్ గీజరు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి వచ్చాడు. రెండుసార్లూ ఆవిడ "ఇప్పుడు బాగానే వస్తున్నాయి బాబూ" అని, తనే ఏదో తప్పు చేసినట్టు నొచ్చుకుంది.

సూరిబాబుకి పని రాదనడానికి లేదు. ఎనిమిదేళ్ళు గవర్రాజు మేస్త్రి దగ్గర నేర్చుకున్నవాడు. ఆ స్నానాలగదిలో ఒక్క టైలు పగలకుండా మిక్సర్ పెట్టానని ఊళ్ళో ఉన్న మేస్త్రులందరికీ చెప్పుకున్నాడు. గోడ తవ్వే పని లేకుండా, వంటింటి కుళాయికి వెళ్ళే చన్నీళ్ళ పైపుకే ఇంకో పైపు అతికించి మిక్సరుకి కలిపేశాడు మరి. విన్నవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు వింటుంటే ఎవరికి చేదు?

మూడోసారి ఫోనులో ఆవిడ నీళ్ళ సంగతి ఎత్తలేదు. "ఒకసారి రా బాబూ" అంది, అంతే.

ఆవిడ భర్త ఉపేంద్రరావు గారు ఒకప్పుడు రేవులో క్రేను నడిపిన మనిషి. ఆయన కేకేస్తే అవతలి గట్టు మీద కూలీలు తలెత్తి చూసేవారట. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. గొంతులోంచి చిన్న మూలుగు మాత్రం వస్తుంది, అదీ పక్కన కూర్చుంటేనే వినపడుతుంది. బకెట్టు మోసి ఆయనకి స్నానం చేయించే ఓపిక ఆవిడకి లేక పెట్టించుకున్న షవరది.

సూరిబాబు వెళ్ళేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. భుజం నుంచి వీపు దాకా బొబ్బలు. వాటి మీద తెల్లటి మందు రాసి ఉంది.

"ఆదివారం పొద్దున్న," అంది హైమావతి గారు. "స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళు సరిచూసి వదిలాను. పొయ్యి మీద అన్నం మాడుతోందని ఒక్క నిమిషం వంటింట్లోకి వెళ్ళాను. గిన్నె దించి, అందులో నీళ్ళు పట్టి వచ్చేసరికి ఆవిర్లు. పిడి నేనే ఎటో తిప్పేసి ఉంటాను కదూ?"

సూరిబాబు గబగబా స్నానాలగదిలోకి పోయాడు. ఇల్లంతా నీళ్ళ వాడకం ఆపించి, షవరు తిప్పి చూశాడు. నీళ్ళు చక్కగా, గోరువెచ్చగా వచ్చాయి. తన పనిలో లోపమేం లేదనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే అనేశాడు.

"అవునమ్మగారూ. ఎర్రచుక్క వైపు ఎక్కువ తిప్పేసి ఉంటారు."

ఆవిడ తలూపింది.

ఆ రోజు సూరిబాబుకి అన్నం సహించలేదు. మర్నాడూ అంతే. ఆవిడ అలా తలూపకుండా నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే బాగుండుననిపించింది. మూడోనాడు పొద్దున్నే గవర్రాజు మేస్త్రి ఇంటికి పోయాడు.

డెబ్బై దాటిన మనిషి గవర్రాజు. పనులు మానేసి చాలా కాలమైంది. అరుగు మీద కూర్చుని ఏదో పాత ఇత్తడి కుళాయి ముందేసుకుని రుద్దుతున్నాడు. వాయుగుండం పట్టి నాలుగు రోజులుగా సన్నగా వాన పడుతూనే ఉంది. సూరిబాబు చూరు కింద నిలబడి జరిగిందంతా చెప్పాడు.

"నేనున్నప్పుడు సరిగ్గా ఉన్నది, నేను వచ్చేశాక ఎందుకు చెడుతుందండీ గురువుగారూ?"

మేస్త్రి కుళాయి రుద్దడం ఆపాడు. "పిడి ఆవిడే తిప్పిందన్నావా?"

"ఆయ్."

"ఆవిడతోనే అన్నావా?"

సూరిబాబు తల దించుకున్నాడు. మేస్త్రి కుళాయి పక్కన పెట్టి, దండెం మీద తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "పద" అన్నాడు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే సూరిబాబు అలవాటుగా నోరు తెరిచాడు. "అమ్మగారూ, ఎక్కడా నీళ్ళు..." మేస్త్రి అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆ నోరు అక్కడితో మూతపడింది.

"మేం వచ్చామని పని ఆపుకోకండమ్మా," అన్నాడు మేస్త్రి. "వంట చేసుకుంటున్నట్టున్నారు. చేసుకోండి."

"ఆయనకి పెట్టే వేళయింది మేస్త్రిగారూ. అన్నం ఇప్పుడే దించాను" అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

స్నానాలగది తలుపు తీస్తే ఎదురుగా మంచం కనిపిస్తుంది. ఉపేంద్రరావు గారు కళ్ళు తెరిచే ఉన్నాడు. మేస్త్రి ఆయనకి దండం పెట్టి, గదిలోకి వెళ్ళి, చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. మూలనున్న ప్లాస్టిక్ స్టూలు షవరు కిందకి లాక్కుని కూర్చున్నాడు.

"పొయ్యరా."

"మీకాండీ?"

"ఆయనకి ఎలా పోస్తారో అలాగ."

సూరిబాబుకి ఏమీ పాలుపోలేదు. గురువు మాట కాదనలేక పిడి తిప్పి, అరచెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉన్నాయనుకున్నాక వదిలాడు. నీళ్ళు మేస్త్రి బట్టతల మీద, బక్క భుజాల మీద పడ్డాయి.

"బాగున్నాయాండీ?"

మేస్త్రి పలకలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

సూరిబాబు పిడి వంకే చూస్తూ నిలబడ్డాడు. అది కదిలితే కదా తప్పు జరిగేది! తను పెట్టిన చోటు నుంచి వెంట్రుకంత కూడా కదల్లేదు. మిక్సరు కొత్తగా తళతళలాడుతోంది. చుట్టూ టైళ్ళు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఇంత బాధలోనూ ఆ పనితనం చూసుకుంటే అతనికి కాస్త ముచ్చటేసింది. మనిషి బుద్ధి అంతే, ఎక్కడున్నా తన పనే చూసుకుంటుంది.

వంటింట్లో గిన్నెల చప్పుడైంది. ఆవిడ కుళాయి తిప్పి ఏదో కడుక్కుంటోంది.

అతను ఇంకా పిడి వంకే చూస్తున్నాడు. దాని మీద మసక కమ్మింది. వేలితో తుడిచాడు, మళ్ళీ కమ్మింది. అప్పుడు గాని ఆవిరని తోచలేదు. తల తిప్పి చూస్తే మేస్త్రి వీపు మిరపపండు రంగుకి తిరిగి ఉంది. మనిషి మాత్రం కదల్లేదు, మెదల్లేదు. మూసిన కళ్ళ చివర చర్మం వణుకుతోంది, అంతే.

"అయ్యో!"

సూరిబాబు పిడి కిందకి కొట్టాడు. ఆ తొందరలో తన ముంజేతి మీద కూడా నాలుగు చుక్కలు పడి చురుక్కుమన్నాయి. నాలుగు చుక్కలకే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైంది బాబూ?" వంటింట్లోంచి ఆవిడ గొంతు. కుళాయి చప్పుడు ఆగింది.

"ఏం లేదమ్మా. మీ పని కానివ్వండి" అన్నాడు మేస్త్రి. గొంతు కొంచెం బొంగురుగా వచ్చింది.

సూరిబాబు పక్కనున్న బకెట్టులోంచి చన్నీళ్ళు మగ్గుతో ముంచి ఆ వీపు మీద పోస్తున్నాడు. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి.

"అరవచ్చు కదండీ గురువుగారూ! ఒక్క మాట అనొచ్చు కదా! ఎదురుగానే ఉన్నాను కదండీ!"

మేస్త్రి కళ్ళు తెరిచాడు. సూరిబాబు ముఖం చూడలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి మంచం వంక చూశాడు. సూరిబాబు కూడా అటు చూశాడు. ఉపేంద్రరావు గారు తల ఇటు తిప్పి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే సూరిబాబు తట్టుకునేవాడే. సిగ్గుతో చచ్చిపోయి గోడ వైపు తిరిగాడు.

ఆ గోడలోనే ఉంది అంతా. వంటింటి కుళాయి తిప్పితే చన్నీళ్ళన్నీ అటే పోతాయి. షవరుకి మిగిలేది గీజరులోంచి వచ్చే సలసల కాగిన నీళ్ళు. ఇంత చిన్న సంగతి! మూడుసార్లు వచ్చినా కంటపడలేదు. వచ్చిన ప్రతిసారీ ఇంటి నోరు కట్టేసి చూశాడు మరి.

వెంటనే సంచీ దగ్గరికి పోయి సుత్తీ ఉలీ తీశాడు.

"ఇప్పుడే తవ్వేస్తానండీ. టైళ్ళు పోతే పోనీండి. మేడ మీద టాంకు నుంచి దీనికి వేరే లైను లాగేస్తాను. పొద్దుగూకేలోగా అయిపోతుంది."

మేస్త్రి వీపు తగలకుండా తువ్వాలు ముందు నుంచి కప్పుకుని లేచాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సూరిబాబు కూడా వెనకే వచ్చి ఆగాడు.

హైమావతి గారు కంచం పట్టుకుని మంచం అంచున కూర్చుంది. పెరుగన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి, ఆయన నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది.

"వేడిగా ఉందా?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ పెట్టలేదు. ఆ ముద్ద ముందు తన పెదవికి ఆనించి చూసుకుంది. తరవాత పెట్టింది. రెండో ముద్ద కలిపి, మళ్ళీ పెదవికి ఆనించుకుంది. "వేడిగా ఉందా? నిజంగా లేదా?" అని మళ్ళీ అడిగింది. పెరుగన్నం అది.

"లైను సాయంత్రం లాగొచ్చురా," అన్నాడు గవర్రాజు మేస్త్రి, అతనికి మాత్రమే వినపడేలాగ. "ఆదివారం నుంచీ ఆవిడ, పిడి తిప్పిందనుకుంటున్న ఆ చేత్తోనే ఆయనకి అన్నం పెడుతోంది."

సూరిబాబు సుత్తి కింద పెట్టి, ఆవిడ దగ్గరికి నడిచాడు.