పాలుకిచ్చిన మేక

అనగనగనగా, గేదెలు తప్ప ఇంకేమీ ఎరగని ఒక కాలవ ఊళ్ళో కొమరమ్మ అని ఒక కోడలు ఉండేది. పడుకునే విను. కాళ్ళు ఆడించకు.

ఆ ఊళ్ళో కాలవ నిండా గేదెలే, గట్ల నిండా గేదెలే. కొమరమ్మ మటుకు ఆ ఊరిది కాదు. ఎక్కడో పైన, రేగులగుట్ట అనే రాళ్ళ గుట్ట మీద పల్లెలో పుట్టింది. అక్కడ అందరికీ మేకలే. వాళ్ళమ్మ మేక పొదుగు పట్టుకుని పాలధార నేరుగా పిల్ల నోట్లోకే కొట్టేది. సగం నోట్లో, సగం ముక్కు మీద. ఆ తర్వాత గుట్ట మీద నీళ్ళు ఎండిపోయాయి. పల్లె పల్లెంతా మేకలు అమ్ముకుని, నాట్లు వేసుకుని బతకడానికి కిందికి దిగి, తలో ఊళ్ళో ఉండిపోయారు. అప్పటికి కొమరమ్మ నీకంటే చిన్నది.

అందుకని, మిగతా కోడళ్ళు పుట్టింటికి పోయినట్టు పోదామంటే కొమరమ్మకి పోవడానికి పుట్టిన ఊరే లేదు. గేదెపాలు తాగినప్పుడల్లా ఆమె నాలుక ఇంకేదో వెతుక్కునేది.

"అత్తయ్యా, ఒక మేకని తెచ్చుకుందామా?" అని అడిగింది ఒకరోజు.

అత్త వీరాయమ్మ గోడకి పిడకలు కొడుతోంది. "మేకా! గేదెని పిండితే బిందె నిండుద్ది. మేకని పిండితే ఉగ్గుగిన్నె నిండుద్ది. కాపురానికొచ్చావా, ఉగ్గు తాగడానికొచ్చావా?" అంది.

కొమరమ్మ నవ్వేసింది. కానీ నవ్వితే పోయే కోరిక కాదది.

వరి కోతలయ్యాక ఏటా పై ఊళ్ళ నుంచి గొర్రెల మందలు దిగేవి. కోసిన పొలంలో మందని నిలిపితే మందకి మేత, పొలానికి ఎరువు. ఆ ఏడు బీరయ్య తాత అనే కాపరి మంద వాళ్ళ పొలంలో దిగింది. గొర్రెల మధ్య కాసిని మేకలు కూడా ఉన్నాయి. వాటి అరుపు వినగానే కొమరమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

అప్పుడు ఆమె గట్టు మీదికి పరిగెత్తి, "తాతా, నాకొక మేకనిస్తావా?" అని అడిగేసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"రేగులగుట్ట."

బీరయ్య కర్ర మీద గడ్డం ఆనించి ఆమెను చూశాడు. "వానలు పడ్డంక నా మంద ఆడనే మేస్తది. మీ మొండిగోడలు ఇంకా ఉన్నయ్. మేకలు వాటి మీదెక్కి కూసుంటయ్," అన్నాడు. ఆ తర్వాత తెల్లచెవుల మేకనొకదాన్ని ముందుకు తోసి, "సూడిమేక ఇది, కడుపుతోటి ఉంది. పాలుకిస్త, తీస్కపో," అన్నాడు.

కొమరమ్మ ఇంటికొచ్చి ఏమని చెప్పిందో తెలుసా? "అత్తయ్యా, తాత మేకని పాలకిచ్చాడు! పాలు తాగమని ఊరికే ఇచ్చాడు!" అని చెప్పింది. ఆ ఊళ్ళో ఎవరి గేదె వాళ్ళదే. పాలుకివ్వడం అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలీదు. నీకూ తెలీదుగా? చెప్తా, తొందరపడకు.

మేకకి బొల్లి అని పేరు పెట్టింది. పెంచడం మటుకు గేదెని పెంచినట్టే పెంచింది పిచ్చిది. మేకపాల రుచి గుర్తుంది కానీ మేకల పని నేర్చుకునే వయసు దాకా గుట్ట మీద ఉండలేదు కదా!

మొదట గేదెల కొట్టంలో కట్టేసింది. కింద తడి, పేడ, ఉచ్చ. తెల్లారి చూస్తే బొల్లి కుడితితొట్టి అంచు మీద నిలబడి తుమ్ముతోంది. అప్పుడు కొమరమ్మ వసారాలో పాత బల్లచెక్కలతో ఎత్తుగా మంచె కట్టించింది. బొల్లి ఒక్క గెంతుతో దాని మీదెక్కి, హాయిగా పడుకుంది.

ఆ తర్వాత గడ్డి తెచ్చి కింద పోసింది. బొల్లి వాసన చూసి, ఒకసారి తొక్కి, మొహం తిప్పుకుంది. "మహారాణీగారికి విస్తరెయ్యాలేమో," అంది వీరాయమ్మ. అప్పుడు కొమరమ్మ అవిసెకొమ్మ ఒకటి విరిచి వాసానికి వేలాడదీసింది. బొల్లి వెనక్కాళ్ళ మీద లేచి నిలబడి, ఒక్కో ఆకే పెదవులతో లాక్కుని తినేసింది.

ఆ తర్వాత చేసిన పని వింటే నవ్వుతావు. గేదెలతో పాటు కడగడానికి కాలవకి తోలుకుపోయింది. మేకకి నీళ్ళంటే చావే! పాదం తడిసిందో లేదో, తాడు తెంపుకుని పారిపోయి ప్రెసిడెంటుగారి గడ్డివామెక్కి కూర్చుంది. ఊరంతా బయటికొచ్చి చూసింది. "ఏమే కోడలా, నీ మేక ఓట్లడుగుతోందే!" అని కేకేసింది వీరాయమ్మ.

అన్నీ నేర్చుకుంది కొమరమ్మ. ఒక్కదానికి మటుకు మందు దొరకలేదు. మంద వెళ్ళిపోయిన దగ్గర్నుంచి బొల్లి సాయంత్రమయ్యేసరికి పడమటి గట్టు వైపు తిరిగి అరిచేది. మేక ఒంటరిగా బతకలేదమ్మా, దానికి తోడుండాలి. కొమరమ్మ పక్కన కూర్చుని మెడ నిమిరేది. "మనిద్దరిదీ ఒకటే దిక్కు లేవే," అనేది.

అప్పుడు బొల్లి ఈనింది. రెండూ పెంటిపిల్లలే, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. ఎర్రది ఎవరి ఒళ్ళోనైనా పడుకునేది. నల్లది మటుకు కొమరమ్మ వెనకాలే తిరిగేది, దొరికిందల్లా ఎక్కేది. మంచె ఎక్కేది, రోలు ఎక్కేది, పడుకున్న గేదె వీపెక్కేది. బొల్లి అరుపు మానేసింది.

పిల్లలు తాగగా మిగిలిన పాలు కొమరమ్మ పిండుకుంది. ఎవరూ చూడకుండా నోరు తెరిచి, ధార నోట్లోకి కొట్టుకుంది. సగం ముక్కు మీద పడింది. చాలాసేపు తుడుచుకోలేదు.

ఆ పాలతో అత్తకి టీ పెట్టి ఇచ్చింది. వీరాయమ్మ తాగింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకు జరిపింది.

మళ్ళీ కోతలయ్యాయి, మంద దిగింది. బీరయ్య తాత గుమ్మం ముందుకొచ్చి, "బిడ్డా, నా పాలు నాకియ్యి," అన్నాడు.

కొమరమ్మ సంతోషంగా లోపలికి పోయి చెంబు నిండా కాచిన పాలు తెచ్చిచ్చింది. తాత చెంబు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "గీ పాలు కాదు బిడ్డా. తాగే పాలు కాదు, పంచుకునే పాలు! పాలుకిచ్చుడంటే సాకినందుకు పిల్లలల్ల సగం నీకు, సగం నాకు. తల్లి నాదే అయినా నువ్వు సాకినన్ని దినాలు నీ తాననే ఉంటది."

నల్లపిల్ల అప్పుడే కొమరమ్మ చీరకొంగు నములుతోంది.

వీరాయమ్మ పేడచేతులతోనే వచ్చింది. "ఏమయ్యో! పాలకని చెప్పి పిల్లనెత్తుకుపోతావా? తుమ్మినా దగ్గినా మేం చూసుకున్నాం!"

"మోసం కాదక్కా. నీ కోడలు గుట్టబిడ్డ. గీ మాట ఎర్కనే అనుకున్న," అన్నాడు తాత.

ఆ మాట కొమరమ్మకి ముల్లులా దిగింది. ఇన్నేళ్ళూ మా ఊరు, మా గుట్ట అని కలవరించింది. తీరా ఆ ఊరి మాట చెవిన పడితే పోల్చుకోలేకపోయింది.

తాతకి జాలేసింది. "గంత కష్టమైతే ఉండనీ బిడ్డా. మళ్ల ఈనినప్పుడు పిల్లను తీస్కుంట."

"వద్దు తాతా," అంది కొమరమ్మ. "మా ఊరి మాట. మా ఊరి ప్రకారమే పంచు."

"అయితే నువ్వే పంచు."

కొమరమ్మ రెండు పిల్లల్నీ చూసింది. "నల్లది నా పాలు. ఎర్రది నీ పాలు."

తాత వంగి ఎర్రదాన్ని ఎత్తుకోబోయాడు. అప్పుడు కొమరమ్మ అడ్డుపడింది. నల్లదాన్ని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. "నీ పాలు నా దగ్గర ఉండనీ తాతా. నా పాలు నువ్వు తోలుకుపో. రేగులగుట్ట మీద మేపు. నేనెక్కలేను, అదైనా ఎక్కుతుంది."

"మరి యేడాదేడాది నేను రావాల్నా?"

"రావాల్సిందే. నీ పాలు ఇక్కడుందిగా!"

తాత పకపకా నవ్వాడు. నల్లపిల్ల ఆయన భుజం మీదికెక్కి కూర్చుంది, ఎక్కడం దానికి కొత్తా!

మంద కదిలిపోయింది. ఆ సాయంత్రం బొల్లి అరిచింది, ఎర్రపిల్ల కూడా అరిచింది. కొమరమ్మ పాలు పిండలేదు. గట్టు మీద నిలబడింది. కాసేపటికి వీరాయమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఆ గుట్ట ఎటేపే?"

కొమరమ్మ చెయ్యి చాపి చూపించింది. వీరాయమ్మ నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది. "కనపడట్లేదే?"

"కనపడదత్తయ్యా."

అయినా ఇద్దరూ చూస్తూనే నిలబడ్డారు.

మంద గుట్టకి, గేదె గట్టుకి,
ఆకు మేకకి, నురగ ముక్కుకి,
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి.