స్థపతిగారి మడమ

చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మూడేళ్ల కిందట భూమి కంపించి మా నగరంలో వైద్యశాల కూలిపోయింది. నలభైమంది రోగులు మంచాల మీదే పోయారు. కొత్తది కట్టే పని ఆస్థాన స్థపతినైన నాకే అప్పగించారు. నేను ఏటి ఒడ్డున స్థలం ఎంచాను. శంకుస్థాపన నాడు రాజుగారు "నేల గట్టిదేనా?" అని అడిగారు.

నేను మడమతో నాలుగుసార్లు తన్ని చూపించాను.

"రాయిలా ఉంది ప్రభూ! ముప్పై ఏళ్లుగా నా మడమ చెప్పింది తప్పలేదు."

పునాది తవ్వడానికొచ్చిన తిప్పడు గునపం కింద పెట్టి చేతులు జోడించాడు. ఊళ్లో బావులన్నీ అతను తవ్వినవే.

"మారాజా, ఇది ఏటి ఇసక. పైకి గట్టిగానే ఉంటుంది. భూమి ఊగిందంటే అడుగున ఉన్న నీళ్లతో కలిసి ఊబైపోతుంది. ఈ సంగతి అయ్యగారికీ తెలుసు. మొన్న తన ఇల్లు కట్టుకునే ముందు, రాయి తగిలేదాకా నాచేత ఏడు చోట్ల గోతులు తవ్వించారు. ఇక్కడ ఒక్కటీ తవ్వించలేదు. నాదొకటే సందేహం. అప్పుడు అయ్యగారి మడమ నొప్పిగా ఉందా?"

నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు. రాజుగారు నా కాళ్లవంక చూశారు. వాటిని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.