తుమ్మిపూల కావలి

బొప్పాయిపాడు మొత్తానికి బుర్రన్నది తమ ఇంట్లోనే ఉందని నాంచారమ్మకు గట్టి నమ్మకం. వానకి కప్పు తడిసిపోతుందని తాటాకులన్నీ విప్పి ఇంట్లో దాచిన కుటుంబం అది.

చలి వెనకబట్టి, రోడ్డు పక్కన తుమ్మిపూలూ గడ్డిచామంతులూ విరగబూసిన రోజుల్లో రోడ్డు మేస్త్రి వచ్చాడు.

"నాంచారమ్మత్తా, ఈ పూలు గింజకట్టి రాలేదాకా కావలి మీది. గింజ రాలితేనే వచ్చే ఏడాది పూస్తాయి. ఎవ్వరూ కోయకూడదని ఇదుగో బోర్డు, పాతండి. పూలు దక్కలేదో, కావలి గంగులికిచ్చేస్తా."

గంగులు పేరు వినగానే ఆవిడ ముక్కుపుటాలదిరాయి. పెద్దకొడుకు బసవడి పెళ్ళిలో పులుసు మళ్ళీ మళ్ళీ పోయించుకుని, ఆఖర్న ఉప్పు లేదన్న మనిషి వాడు. బసవడికి పిల్లలు పుట్టినా ఆవిడ ఆ మాట మరవలేదు.

"కావలి వాడికి పోతే ఈ ఊళ్ళో నేను తలెత్తుకోను," అంటూ కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని బయల్దేరింది.

తీరా బోర్డు పాతుదామంటే చోటేదీ, అంతా పూలే.

"పూల మీద పాతితే చచ్చిపోవూ?" అన్నాడు బసవడు.

"అందుకే ముందు పీకెయ్యి."

అంతే, చాపంత మేర పీకి బోర్డు పాతారు. పాతాక చూస్తే అవతలి నించొచ్చేవాళ్ళకి తంగేడు పొద అడ్డం.

"బోర్డు కనబడకపోతే కోసేస్తారే అమ్మా," అన్నాడు చిన్నవాడు ఈరడు.

ఇంకేముంది, పొద నరికారు. దాని పక్కన గడ్డిచామంతులు అడ్డమొచ్చాయి, అవీ లాగేశారు. అలా లాగుతూ లాగుతూ వంతెన దాకా పోయారు. రోడ్డు పక్కంతా అలికిన అరుగులా అయింది. బోర్డు మాత్రం పక్కూరికి కూడా కనబడుతోంది.

"ఇప్పుడు కోయమను ఆ గంగుల్ని, ఎలా కోస్తాడో చూస్తా," అంది నాంచారమ్మ.

సాయంత్రం మేస్త్రి మళ్ళీ వచ్చి, సైకిలు దిగి గుడ్లప్పగించాడు. "పూలేవత్తా?"

"ఒక్కటంటే ఒక్కటి ఎవర్నీ కోయనివ్వలేదు నాయనా. అన్నీ మేమే పీకి గాదెలో పోసి తాళం వేశాం."

మేస్త్రి తల పట్టుకుని చుట్టూ చూశాడు. బోర్డు వెనక ఒకే ఒక్క తుమ్మిమొక్క మిగిలింది, గింజ కట్టి ఉంది.

"ఇదన్నా దక్కితే కావలి మీకే ఉంచుతా. గింజ రాలేదాకా ఎవరి కంటా పడకుండా చూడండి," అని దండం పెట్టి పోయాడు.

"ఎవరి కంటా అంటే మన కంటా కూడానే," అంది నాంచారమ్మ. అంతే, ముగ్గురూ మొక్క చుట్టూ కూచుని, కళ్ళకు తువ్వాళ్ళు బిగించి, దారినపోయేవాళ్ళను కళ్ళు మూసుకోమని కేకలెయ్యడం మొదలెట్టారు.

కాసేపటికి గంట గణగణమంది. వెనకే కరకరమని నమిలిన చప్పుడు.

"అమ్మా, ఆ గంట గంగులు మేకదే," అన్నాడు ఈరడు.

నాంచారమ్మ పళ్ళు కొరికింది. "దాని కళ్ళకు గంతలున్నాయేంట్రా?"

"నేనెలా చూసేదీ?"

"అయితే నీ తువ్వాలు దానికి కట్టు. నువ్వు గట్టిగా మూసుకో."

ఈరడు తడుముకుంటూ పోయి మేక కళ్ళకు తువ్వాలు కట్టాడు. మేక తీరిగ్గా వేళ్ళదాకా నమిలింది.

నాంచారమ్మ నడుం వాల్చి, తృప్తిగా అంది: "తింటే తిననియ్యి. ఆ గంగులు మేకకి మన మొక్కని కళ్ళారా చూసే రాత మాత్రం లేకుండా చేశాం."