పురిటింట్లో శోకం

మూడు రోజులైనా మాదేవికి పాలు పడలేదు.

నేను చేయని వైద్యం లేదు. మెంతుల గంజి తాగించాను. బొప్పాయి కాయ కూర వండించాను. తెల్లగడ్డలు నేతిలో వేయించి ముద్దలో కలిపి పెట్టాను. వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాను. మొదటి రోజు నేను పట్టుబట్టి పిండితే నాలుగు చుక్కలు ముర్రుపాలు బిడ్డ నోట్లో పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. బిడ్డను రొమ్ముకు పట్టిస్తే మాదేవి వద్దనేది కాదు, రమ్మనేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. బిడ్డ ఏడుపు పూటపూటకీ చిన్నదవుతోంది. అది ఎంత చెడ్డ గుర్తో పురుడు పోసేవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఓబులవ్వ దగ్గర మంత్రసాని పని నేర్చుకోబట్టి ఆరేళ్ళు. గురువంటే కాషాయం కట్టుకుని గడ్డం పెంచుకుని ఉంటారని మీరనుకుంటారేమో. మా గురువుకి నోటినిండా వక్కాకు, చేతులనిండా ఆముదం వాసన. బిడ్డ తల ఎట్లా పట్టుకోవాలో నేర్పడానికి నా చేతికి లేత సొరకాయ ఇచ్చి గంటసేపు నిలబెట్టేది. గోరు గుచ్చుకుంటే వీపు మీద ఒకటి వేసేది. సాయంత్రం ఆ సొరకాయే కూర చేసి నాకు పెట్టేది. నన్ను "ఒసే సుంకీ" అని తప్ప పిలిచింది లేదు. ఆ పిలుపు కోసం ఇప్పుడు చెవి కోసుకుంటాను, కానీ పిలిచేదెవరు?

ఇద్దరం శనక్కాయ చేల గట్ల మీద పడి ఊరూరా తిరిగేవాళ్ళం. అవ్వ ముందు, నేను వెనక. దారిలో ఏ ఇంటి ముందు నుంచి పోయినా ఒక ఆడమనిషి బయటికొచ్చి "అవ్వా, నీ చేతిమీద పుట్టినోడు చూడు, ఎంతయినాడో" అని కొడుకును లాక్కొచ్చి చూపించేది. అవ్వ వాడి చెవి మెలిపెట్టి "పుట్టినప్పుడే నన్ను తన్నినాడు దొంగనాయాలు" అనేది. మళ్ళీ అలాంటి రోజులు చూడలేదు నేను.

ఆ వారం అవ్వ కవలల కానుపని పక్కూరికి పోయింది. మాదేవి పురుడు నా ఒక్కదాని చేతిమీద జరిగింది. సుఖంగానే అయింది. ఊళ్ళో నలుగురూ మెచ్చుకుంటే నేను కాస్త ఎగిరిన మాట నిజమే. దాచడమెందుకు?

మాదేవి సంగతి కొంచెం చెప్పాలి. ఆమెకిది తొలిచూలు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి కదా. కానీ ఆమెకి ఐదో నెల ఉండగా తల్లి సిద్ధమ్మ పాము కరిచి పోయింది. కడుపుతో ఉన్నది పీనుగను చూడకూడదని అత్తింటివాళ్ళు కబురే దాచిపెట్టారు. మూడో రోజు చెప్పారు. అప్పటికి అన్నీ అయిపోయాయి.

ఆ పూట నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ పిల్ల గుండెలు బాదుకుని ఏడవబోతుంటే నేనే నోరు మూశాను. ఊరికే అనడం కాదు, నా ఈ చేత్తోనే మూశాను.

"ఏడవొద్దు తల్లీ. నీ ఏడుపు కడుపులో బిడ్డకి తగుల్తుంది" అన్నాను.

మాదేవి మింగేసింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అన్నం తగ్గించింది, మాట తగ్గించింది. పిలిస్తే పలికేది, అంతే. 'చూశావా, నా మాటకి ఎంత విలువిచ్చిందో' అని నేను మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉండేది అప్పుడు.

పురుడైన మూడో రోజు మధ్యాహ్నం మాదేవి అత్త తిప్పమ్మ నన్ను వసారాలోకి పిలిచింది.

"రేపు పొద్దున దాకా చూస్తా సుంకమ్మా. పాలు పడకుంటే మేకపాలే పడతా. ఇంకేం చేసేది?"

"పసిగుడ్డుకి మేకపాలు అరగవు పెద్దమ్మా."

"నాకు చెప్తావా? నా తొలి బిడ్డలిద్దరూ ఆ పాల మీదనే పోయినారు. నాకూ ఇట్లే పడలా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే ఓబులవ్వ వచ్చింది. కవలలు ఇద్దరూ క్షేమమట. నేను పరిగెత్తిపోయి జరిగిందంతా ఏకరువు పెట్టాను. గంజి, కూర, తెల్లగడ్డలు, కాపడం, ఒక్కటి వదలకుండా చెప్పాను. అవ్వ వింటూనే తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంది.

"అన్నీ చేస్తివా?"

"నువ్వు నేర్పినవన్నీ చేసినా అవ్వా."

"అయితే వచ్చి కూచో. నోరు మాత్రం తెరవొద్దు."

అవ్వ లోపలికి పోయి బిడ్డ ఒళ్ళు తడిమింది. గుడ్డ విప్పి చూసి మళ్ళీ చుట్టింది. మాదేవి రొమ్ము చూడలేదు, నాడి చూడలేదు. మంచం పక్కన నేలమీద చతికిలబడి నెత్తిన కొంగేసుకుంది. ఉన్నట్టుండి శోకం అందుకుంది.

"ఓ సిద్ధమ్మా... నీ బిడ్డ బిడ్డను కనిందే... నీళ్ళు పొయ్యను నువ్వు రాకపోతివే... యాడికి పోతివే సిద్ధమ్మా..."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చావింట్లో పెట్టే శోకం పురిటింట్లోనా! తిప్పమ్మ ఒక్క ఉరుకున వచ్చింది.

"ఏమ్మే ఓబులమ్మా, మతిగానీ పోయిందా? పచ్చి బాలింత ఉన్న ఇంట్లో శోకాలు పెడతావా? లెయ్యి ముందు, లెయ్యి!"

అవ్వ లేవలేదు. నేనూ ఉండబట్టలేక అవ్వ భుజం పట్టుకుని ఊపాను. ఒక్క చూపు చూసింది. నోరుమూసుకుని కూర్చున్నాను.

"పొడుగుదానివే సిద్ధమ్మా... తాటిచెట్టంత మనిషివే... వాకిలి కాడ తల వంచి వచ్చేదానివే..."

"మాయమ్మ పొడుగు కాదు."

ఎవరన్నారో తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. మాట మంచం మీద నుంచి వచ్చింది.

అవ్వ శోకం ఆపేసి, మామూలు గొంతుతో అడిగింది. "కాదా? మరి ఎంతుండేది?"

మాదేవి ఇటు తిరిగింది.

"పొట్టిది. ఉట్టి అందేది కాదు. పెరుగు కుండ దించాలంటే నన్నెత్తుకునేది. నేను దించేదాన్ని. దించేటప్పుడు మాయమ్మ నెత్తిన ఒలకపోసేదాన్ని. తిట్టేది..." దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుంది. "తిట్టి తిట్టి, మళ్ళీ తనే నవ్వేది."

ఆ మాటతో "అమ్మా" అని ఒక్క కేక పెట్టింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఉంటారు. నా చెయ్యి దానంతటదే లేచింది, మళ్ళీ ఆ నోరు మూయడానికే. అవ్వ ఆ చేతిని పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇక వదల్లేదు.

మాదేవి ఎంతసేపు ఏడ్చిందో చెప్పలేను. తల్లిని తిట్టింది. పామును తిట్టింది. కడసారి మొహం కూడా చూడనివ్వలేదని మమ్మల్ని అందరినీ పేరు పేరునా తిట్టింది. నన్నయితే మరీనూ. అవ్వ మధ్యమధ్యలో "ఊఁ, ఇంకా?" అంటూ వింది. ఆ సందడికి బిడ్డ లేచి సన్నగా ఏడుపందుకుంది. అవ్వ బిడ్డను తీసి మాదేవి పక్కలో పడుకోబెట్టింది.

మాదేవి మూడు రోజుల్లో మొదటిసారి బిడ్డను తనంతట తాను దగ్గరికి లాక్కుంది. రవిక ముడి విప్పుతూ ఆగిపోయింది.

"ఏడుస్తా ఇయ్యొచ్చా అవ్వా?"

"ఇయ్యి తల్లీ. మీయమ్మను తలుచుకుంటా ఇయ్యి."

బిడ్డ పట్టింది, వదిలింది. మళ్ళీ పట్టింది. మాదేవి కన్నీళ్ళు బిడ్డ నుదుటి మీద పడుతుంటే అవ్వ తుడుస్తూ ఉంది. చాలాసేపటికి గుటక వినిపించింది. కాస్త ఆగి ఇంకోటి. నా జన్మలో అంత కమ్మని చప్పుడు వినలేదు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అవ్వా, నేనే కదా దీన్ని నాలుగు నెలలు..."

అవ్వ నన్ను చెప్పనివ్వలేదు.

"ఒక చెంబు నీళ్ళు తే పో. ఏడ్చేదానికీ దప్పికే, పాలిచ్చేదానికీ దప్పికే."

లేచాను. గడప మీద తిప్పమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడు కూలబడిందో ఎవరూ చూడలేదు. మొహం మీద కొంగు కప్పుకుని, సన్నగా రెండు పేర్లు పిలుచుకుంటోంది. ఆ పేర్లు ఆ ఇంట్లో అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు.

వంటింట్లో నీళ్ళ కుండ మూత తీశాను. రెండు చెంబులు ముంచాను. ఒకటి గడప దగ్గర తిప్పమ్మ చేతికిచ్చి, రెండోది లోపలికి తీసుకుపోయాను.