చలివేంద్రం కొమరవ్వ

ఏ ఏలుబడిలో జరిగిందో చెప్పలేను. చెప్పినవాళ్లు ముగ్గురు, చెప్పిన కాలాలు మూడు. దారులుండేవి, దాహాలుండేవి, అంతవరకు ముగ్గురూ ఒప్పుకున్నారు.

నేను దీన్ని మొదట ప్రయాణం మధ్యలో, రోడ్డు పక్కనున్న చిన్న పౌరహక్కుల మ్యూజియంలో విన్నాను. బయట డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. అద్దాల పెట్టెలో రెండు మూరల వెదురు గొట్టం ఉంది. ఇదేమిటని అడిగితే, మ్యూజియం చూసుకునే మల్లవ్వ నిలబడే కథ మొదలుపెట్టింది.

ఒక దొర చనిపోయిన తన తల్లి పేరున నాలుగు దారుల కూడలిలో చలివేంద్రం పెట్టించాడు. నీళ్లు పోయడానికి కొమరవ్వ అనే దిక్కులేని ముసలమ్మను కుదిర్చాడు. పూటకింత జొన్న గటక, పందిరి వెనుక ఒక గుడిసె. ఆ గుడిసె పోతే ఆమెకు తల దాచుకునే చోటు మరొకటి లేదు.

దొర ఒక కట్టడి చేశాడు. వచ్చినవాళ్లను ముందు "ఎవరోళ్లు?" అని కులం అడగాలి. ఊళ్లోవాళ్లయితే రాగి చెంబు చేతికివ్వాలి. ఊరవతలి వాడలవాళ్లయితే దూరంగా నిలబెట్టి, గొట్టంలోంచి దోసిట్లో పోయాలి.

గొట్టంతో పోస్తే సగం నోటికి, సగం మట్టికి.

మొదటి ఎండాకాలం, ఊరవతల డప్పులు కట్టే లింగయ్య వచ్చాడు. "అవ్వా, నీళ్లు పోస్తున్నవా, నా ముక్కుకు గురి చూస్తున్నవా?" అన్నాడు. కొమరవ్వ నవ్వింది. సగం నోటికి, సగం మట్టికి.

రెండో ఎండాకాలం దగ్గరి బావి ఎండింది. కొమరవ్వ కోసు దూరం నుంచి కుండలు మోసింది. లింగయ్య వచ్చాడు. "ఇట్ల పోస్తె నా కాళ్లు మొలకెత్తుతయి అవ్వా!" అన్నాడు. ఈసారి ఆమె నవ్వలేదు. సగం నోటికి, సగం మట్టికి.

మూడో ఎండాకాలం ఒకరోజు ఒక్క కుండే మిగిలింది. లింగయ్య వచ్చి, అలవాటుగా దూరంగా వంగి దోసిలి పట్టాడు. కొమరవ్వ గొట్టం ఎత్తింది. దించింది.

"మోసేది నేను. మట్టిల పోసేది గూడ నేనేనా?" అంటూ చెంబు అతని చేతిలో పెట్టింది.

లింగయ్య చెంబు తిరిగివ్వబోయాడు. "అవ్వా, నీ గుడిసె!"

"ముందు తాగు."

ఆమె న్యాయం కోసమే ఆ పని చేసిందని మల్లవ్వ అంటుంది. నీళ్లు వృథా కావడం ఓర్వలేక చేసిందని నా అనుమానం. ఏదైతేనేం, ఆనాటి నుంచి చెంబు అందరి చేతికీ అందింది.

వార్త దొరకు చేరింది. మిట్టమధ్యాహ్నం గుర్రమెక్కి వచ్చాడు. గుర్రం నురగ కక్కుతోంది, దొర నాలుక పిడచకట్టింది.

"చెంబు ముట్టినోడెవడే?"

"దూపైనోళ్లందరు ముట్టిన్రు దొరా. నీ బాంచెన్, తమకు చెంబు పనికిరాదంటె గొట్టమున్నది."

మళ్లీ నీళ్లు దొరికేది రెండు కోసుల అవతల. దొర దారి వైపు చూశాడు. కుండ వైపు చూశాడు. చివరకు వంగి దోసిలి పట్టాడు.

సగం నోటికి, సగం పట్టుపంచెకు.

నీళ్లకొచ్చి నిలబడ్డవాళ్లెవరూ నవ్వలేదు. వాళ్లలో ఉన్న లింగయ్యకు మాత్రం ఆగకుండా దగ్గు వచ్చింది.

ఆ సాయంత్రమే గుడిసె పీకించారు. కొమరవ్వ కుండ ఎత్తుకుని దారికి అవతలి పక్కన కూర్చుంది. లింగయ్య నాలుగు తాటాకులు కప్పాడు. అక్కడే ఆమె ఎవరినీ ఏమీ అడగకుండా నీళ్లు పోసింది. తొలివాన చూడకుండానే పోయింది. ఆనాడు దొర వచ్చి ఏడ్చాడని మల్లవ్వ చెప్పింది. దానికి ఆధారం లేదు, నేను నమ్మను.

అయితే ఆ చుట్టుపక్కల ఊళ్లలో, దాహమని వచ్చినవాళ్ల కులగోత్రాలు చెంబు ఖాళీ అయ్యేదాకా ఇప్పటికీ అడగరు. నోరు జారబోయినవాళ్లను "కొమరవ్వ వింటది" అని ఆపుతారు.

నాకు మనసు నిలవలేదు. డ్రైవర్ విసుక్కుంటున్నా పక్క ఊళ్లో కారు ఆపించి, ఒక వాకిట్లో నీళ్లడిగాను. ఇంటాయన చెంబు నా చేతిలోనే పెట్టాడు. గుక్క తిప్పుకోకుండా తాగి తిరిగిచ్చాను.

ఆయన చెంబు బోర్లించి చూసుకున్నాడు. చుక్క రాలలేదు.

"ఇంతకు ఎవరోళ్లు సారూ?" అన్నాడు.