మసి పూయని ఆకు

సోమలింగం తన ఘంటం తెచ్చి గురువుగారి పాదాల ముందు పెట్టాడు. ఇక రాయలేనన్నాడు. గోశాలలో పేడ ఎత్తే పనైనా సరే, అదే ఇప్పించమన్నాడు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ మఠంలో తాటాకు గ్రంథాలకు ప్రతులు రాయడం అతని పని. ఒళ్లు దాచుకునే మనిషి కాదు. స్నానం కాగానే ఘంటం పట్టేవాడు. అక్షరం తప్పితే ఆ పూట అన్నం మానేసేవాడు. ఆ శిక్ష ఎవరో వేసింది కాదు, తనకు తాను వేసుకున్నదే. నియమం చెడ్డదని ఎవరూ అనలేరు. అది లేనివాడి చేయి ఏ పనిలోనూ నిలవదు. కానీ కొన్నాళ్లుగా కట్ట విప్పుతుంటేనే అతనికి ఆవలింతలు వస్తున్నాయి. చదివింది చప్పగా ఉంటోంది. రాసింది బరువుగా ఉంటోంది. ఇది పాపమేమోనని భయం పట్టుకుంది.

గురువు చెన్నమల్లయ్యగారు అంతా విన్నారు. కాదనలేదు.

"అలాగే వెళుదువుగాని. బసమ్మవ్వ వాళ్లు చింతపండు గింజలు తీస్తున్నారు. వాళ్లకు కాసేపు ఏదైనా చదివిపెట్టి వెళ్లు" అని ఒక కథల కట్ట చేతికిచ్చారు.

అది సోమలింగం రాసిన కట్టే. ఆ కథలకే ప్రతులు రాసి చుట్టుపక్కల మఠాలకు కూడా పంపాడు.

వంటశాల పంచలో కూర్చుని, వరదలో చిక్కిన దూడ కథ ఒకటి తీసి, రోజూ పారాయణం చేసినట్టే గడగడా మొదలుపెట్టాడు. వంటచేసే బసమ్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లిగా నాయనా. వరదొచ్చింది దూడకి గానీ నీకు కాదు."

అతను ఊపిరి తీసుకుని, ఈసారి నిదానంగా చదివాడు. ఏట్లో వరద. కొట్టుకుపోతున్న గడ్డివాము మీద ఒక లేగదూడ, ఒక కోడిపుంజు. ఎటు చూసినా నీళ్లే. దూడకు ఆకలేసింది. కాళ్ల కింద ఉన్న గడ్డిలోంచే ఒక పరక లాగి నమిలింది. కోడి లబోదిబోమంది. దూడ ఇంకో పరక లాగింది.

గింజలు తీస్తున్న చేతులు ఆగిపోయాయి.

సోమలింగం ఆకు తిప్పాడు. "గ్రంథపాతం" అని చదివి కట్ట మూశాడు.

అంటే ఏమిటని అవ్వ అడిగింది. పాత ప్రతిలోనే అక్కడ ఆకు విరిగిపోయిందని, మిగతా కథ దొరకలేదని, అలాంటి చోట ఆ మాట రాసి వదిలేయడం ఆనవాయితీ అని చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాయడమే తమ ధర్మమని కూడా చెప్పాడు.

"ఊరూరి మఠాలకీ పంపావంటగా దీన్ని?" అంది అవ్వ.

"పంపాను."

"అయితే వెళ్లిన చోటల్లా పాపం వాటిని నీళ్లలోనే వదిలేసి వచ్చావన్నమాట. ఏమయ్యాయో అని ఒక్కసారైనా అనుకోలేదూ?"

అందరూ నవ్వారు. సోమలింగం నవ్వలేదు. నిజంగానే ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇన్నిసార్లు రాశాడు. ఆ దూడను మాత్రం ఇవాళే చూశాడు.

గోశాలకు వెళ్లాల్సినవాడు తిన్నగా గురువు దగ్గరికి వెళ్లాడు. ఆ కథకు ఇంకో ప్రతి ఎక్కడైనా ఉందా అని అడిగాడు. ఎక్కడా లేదన్నారు. అయినా అతను కదలలేదు.

"అది తింటూనే ఉంటుంది స్వామీ" అన్నాడు. "దూడకేం తెలుసు?"

గురువు ఒక ఖాళీ తాటాకు తీసి, అంచులు కత్తిరించి, పొద్దున అతను వదిలివెళ్లిన ఘంటంతో పాటు చేతిలో పెట్టారు.

సోమలింగం వెనక్కి తగ్గాడు. "గ్రంథంలో సొంత అక్షరం చేర్చడం పాపమని తమరే చెప్పారు."

"పాపమే. కట్టలో చేర్చకు. మసి కూడా పూయకు."

ఘంటంతో గీసిన అక్షరం మసి పూస్తేనే నల్లగా తేలుతుంది. పూయకపోతే ఎవరి కంటికీ ఆనదు. తప్పులు పట్టేవాళ్లూ ఉండరు.

పంచలోకి వచ్చి కొంతసేపు ఊరికే కూర్చున్నాడు. తరువాత ఒక మాట గీశాడు. బాగాలేదు. దాని పక్కన ఇంకొకటి గీశాడు. కోడిపుంజు దూడ చెవి పొడిచింది. దూడ తల విదిలించింది. ఆ విదిలింపుకు గడ్డివాము గిర్రున తిరిగింది. దాంతో కోడికి తూర్పేదో పడమరేదో తెలియకుండా పోయింది. తెల్లారిందో లేదో తేల్చుకోలేక, కూయాలా వద్దా అని ఒంటికాలి మీద నిలబడింది.

సోమలింగం పకాలున నవ్వాడు. గోడ మీది పిచ్చుకలు బెదిరి లేచిపోయాయి. ఆ మఠంలో అతని నవ్వు అవి ఎప్పుడూ వినలేదు.

భోజనాల గంట మోగింది. అతనికి వినబడలేదు. ఎక్కడో ఒక ఒత్తు తప్పింది. అదీ కనబడలేదు.

బసమ్మవ్వ విస్తరి తెచ్చి పక్కన పెట్టి, దూడ ఉందా పోయిందా అని అడిగింది. ఆమె వెనకే గురువు వచ్చారు.

"సోమలింగం, గోశాలలో నీకోసం చూస్తున్నారు."

"ఉండండి స్వామీ" అన్నాడు అతను తల ఎత్తకుండానే. "కోడి ఇంకా కూయలేదు."

ఆకు చివరికంటా నిండిపోయింది. గురువు ఇంకో ఆకు తీసి, అంచులు కత్తిరించి, చప్పుడు కాకుండా విస్తరి పక్కన పెట్టారు.